“మీ వాళ్ళెవరు నాయనా?”

ప్రశ్న: మేడమ్, మేం అట్లాంటా శివార్లలో ఉంటాం. మాది భీమవరం, మావారిది ఖమ్మం. ఇద్దరం ఐటీలోనే. మా బాబుకి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. స్కూల్ బ్యాండ్‌లో చేరాక మా వీధి చివర ఇంట్లో ఉండే ఆఫ్రికన్ అమెరికన్ కుర్రాడితో బాగా స్నేహం కుదిరింది. బస్సు దిగగానే ఇద్దరూ వాళ్ళింటికే పోతారు. ఆ పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. తల్లి నర్సు, ఎక్కువగా నైట్ డ్యూటీలు. తండ్రి వేరే ఉంటాడట, శనివారాలు వచ్చి కొడుకుని తీసుకెళ్తాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు వచ్చిపోతుంటారు. అందరినీ ‘అంకుల్’ అనే అంటాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో మాకు అంతుపట్టదు.

మొదటిరోజే ఆ అమ్మమ్మ మావాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, మీ వాళ్ళెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, అమ్మ ఎక్కడ పనిచేస్తుంది, నువ్విక్కడున్నట్టు ఆమెకి తెలుసా అని అడిగిందట. నా నంబరు తీసుకుని అప్పటికప్పుడు ఫోన్ చేసింది. నేను మీటింగ్‌లో ఉన్నాను. “మీవాడు ఆరింటికి బయల్దేరతాడు, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారా?” అంది. ఎక్కడో గుచ్చుకుంది. మనల్ని ఇంటరాగేట్ చేయడానికి ఆవిడెవరని మావారికి కోపం. ఆ ఇంట్లో ఫోన్లు బుట్టలో పెట్టాలి, గది తలుపు మూయకూడదు, హోంవర్క్ అయ్యాకే ఆటలు. మావాడు ఇంటికొచ్చి నాతో కూడా ‘యెస్ మ్యామ్’ అంటున్నాడు.

తండ్రి లేని ఇల్లు, రేపు డ్రగ్స్ అనీ గన్స్ అనీ ఏదైనా అయితే ఎవరు బాధ్యులు, ఆపెయ్ అంటున్నారు మావారు. మా తెలుగు ఫ్రెండ్స్‌దీ అదే మాట. నాకైతే ఆవిడ మంచిదనే అనిపిస్తుంది, భయం మాత్రం పోవడం లేదు. పోయిన నెల కేక్ చేసి పంపింది. గుడ్డు ఉంటుందని మేం తినలేదు. ఆ గిన్నె ఇంకా మా కిచెన్‌లోనే ఉంది. ఏం చేయమంటారు?

— పేరు వద్దు, జార్జియా

సమాధానం:

అమ్మా, పంపించండి. మీవాణ్ణి ఆ ఇంటికి నిశ్చింతగా పంపించండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగ్గానే చెప్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిమ్మల్ని నొప్పించినవన్నీ ఒక పేరాలో రాశారు, భయపెట్టినవన్నీ ఇంకో పేరాలో రాశారు. మీ భయాలకి జవాబు ఆ నొప్పించిన పేరాలోనే ఉంది. మీవాడి స్నేహితుడు డ్రగ్స్ వైపో గన్స్ వైపో పోకుండా కాపు కాసేవి సరిగ్గా ఆ బుట్ట, ఆ తెరిచిన తలుపు, ఆ ఫోన్ కాలే. మీకు గుచ్చుకున్నదే ఆ పిల్లాడికి కంచె.

“మీ వాళ్ళెవరు?” అన్నది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పెద్దవాళ్ళు కొత్త పిల్లాణ్ణి అడిగే మొట్టమొదటి ప్రశ్న. మీ భీమవరంలో మీ చిన్నప్పుడు ముక్కూమొహం తెలియని కుర్రాడు గుమ్మంలోకొస్తే మీ నాయనమ్మ “ఎవరబ్బాయివిరా? ఎవరి తాలూకు?” అనకుండా లోపలికి రానిచ్చేదా? సినిమా హాలు దగ్గర కనిపిస్తే మనం ఇల్లు చేరేలోగా కబురు చేరేది. ఒక్క తేడా ఉంది, దాచుకోవడమెందుకు. మన ప్రశ్నలో సగం కులం కనుక్కోవడానికి. ఆవిడ ప్రశ్న మాత్రం, ఈ పిల్లాడికేదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుకోవడానికి. తెలుసుకుని చేసింది కూడా. మీరు మీటింగ్‌లో ఉన్నారు, అంతే.

నేను జార్జియాలో పదహారేళ్ళు స్కూల్ సోషల్ వర్కర్‌గా పనిచేసి రాజమండ్రి తిరిగొచ్చాను. వెళ్ళిన కొత్తలో నావీ మీవారి కళ్ళే. మా ఆఫీసులో ఒక ఫారం ఉండేది. ‘సంరక్షకుడి పేరు’ అని ఒకే ఒక్క గీత. ఒకసారి ఏడో తరగతి కుర్రాడు క్లాసులో గొడవపడ్డాడని ఇంటికి కబురు పంపాం. నలుగురొచ్చారు. అమ్మమ్మ, పిన్ని, చర్చిలో డీకన్‌గా ఉండే ఒక పెద్దాయన, జుట్టు కత్తిరించే షాపు నడిపే ఒకతను. నా గదిలో కుర్చీలు మూడే. పెద్దాయన నిలబడే ఉన్నాడు. నేను పెన్ను పట్టుకుని, ఫారం చూసి, “మీలో ఈ అబ్బాయికి అసలు గార్డియన్ ఎవరు?” అన్నాను. అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి రబ్బరు బ్యాండు చుట్టిన కాగితాల కట్ట తీసింది. కిండర్‌గార్టెన్ నుంచి ఆ పిల్లాడి రిపోర్టు కార్డులన్నీ. బల్లమీద పెట్టి, “అందరమూనమ్మా, రాసుకో” అంది. ఆ గీత మీద నాలుగు పేర్లు పట్టించడానికి అక్షరాలు చీమల్లా రాయాల్సొచ్చింది. షాపతను ఎందుకొచ్చాడో అప్పుడు నాకర్థం కాలేదు. ప్రతి శుక్రవారం బడి వదిలాక ఆ పిల్లాడు అతని షాపు ఊడుస్తాడనీ, అక్కడ కూచున్నంతసేపూ ఏం మాట్లాడాడో వారం వారం అమ్మమ్మకి చేరుతుందనీ తర్వాత తెలిసింది. పిల్లాడు తల వంచుకుని కూచున్నాడు. నలుగురిలో ఒకరికి చెప్పి ఇంకొకరి దగ్గర తప్పించుకునే వీలే లేదు వాడికి.

మీకు అంతుపట్టని ఆ ‘అంకుల్స్’ సంగతి ఇదే. వాళ్ళలో రక్తసంబంధం ఉన్నవాళ్ళూ ఉంటారు, లేనివాళ్ళూ ఉంటారు. పక్కింటివాళ్ళ పిల్లని అక్క చెల్లెళ్ళ వరసలో కలిపేసుకోవడం, అమ్మ స్నేహితురాలిని ఇంకో అమ్మ అనడం వాళ్ళకి మామూలు. మనకీ మామూలే. బజార్లో కూరగాయలమ్మే ఆవిడ మనకి అక్క, ఆటో అతను అన్న. వాళ్ళ దగ్గర ఆ పిలుపుతో పాటు పని కూడా వస్తుంది. అంకుల్ అనిపించుకున్నవాడు పిల్లాణ్ణి మందలించొచ్చు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, అవసరమైతే నాలుగు డాలర్లు సర్దాలి.

ఇదంతా ఊరికే రాలేదు. బానిసత్వం రోజుల్లో భర్తని ఒక తోటకి, భార్యని ఇంకో తోటకి, పిల్లల్ని వేలంలో వేరేవాళ్ళకి అమ్మేవారు. కన్నవాళ్ళు లేని పిల్లని పక్కన మిగిలినవాళ్ళే పెంచారు. 1865లో బానిసత్వం రద్దయ్యాక వాళ్ళు చేసిన మొదటి పనుల్లో ఒకటి, తమవాళ్ళని వెతుక్కోవడం. ‘మా అమ్మ పేరు ఫలానా, వర్జీనియాలో ఫలానా దొర దగ్గర ఉండేది, ఎవరికైనా తెలిస్తే చెప్పండి’ అంటూ నల్లజాతి పత్రికల్లో కొన్ని దశాబ్దాల పాటు ప్రకటనలు వేయించారు. అవి చదివితే “మీ వాళ్ళెవరు?” అనే ప్రశ్న ఎంత లోతు నుంచి వస్తుందో తెలుస్తుంది. ఆ తర్వాత 1910ల నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షలమంది దక్షిణాది వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి ఊళ్ళకి వలసపోయారు. ముందు పోయినవాళ్ళు వెనక వచ్చినవాళ్ళకి చోటు చూపించారు. వేసవి సెలవుల్లో పిల్లల్ని దక్షిణాదిలోని అమ్మమ్మల దగ్గరికి పంపారు. ఇప్పటికీ జూలైలో వాళ్ళ కుటుంబ సమ్మేళనాలు చూడండి. వందమంది ఒకే రంగు టీషర్టులు వేసుకుని, వెనకాల ఇంటిపేరు అచ్చేయించుకుని పార్కులో కనిపిస్తారు.

ఇక మీవారి మాటకొద్దాం. ‘తండ్రి లేని ఇల్లు’. ఆ మాట ఆయన సొంతం కాదు. అమెరికా ప్రభుత్వం నోటి నుంచే వచ్చి, ఊరంతా తిరిగి, మన పొట్లక్ విందుల దాకా చేరింది. 1965లో కార్మికశాఖలో ఉన్నతోద్యోగిగా ఉన్న డేనియల్ ప్యాట్రిక్ మొయినిహన్ నల్లజాతి కుటుంబం మీద ఒక నివేదిక రాశాడు. ఉద్యోగాలు లేకపోవడం, వివక్ష గురించి కూడా రాశాడు, కాదనను. కానీ జనం చెవిలో మిగిలింది ఒక్కటే. ఆడవాళ్ళ చేతిలో నడిచే ఆ కుటుంబాలు చెడిపోయిన కుటుంబాలనే మాట. ఏడేళ్ళ తర్వాత, 1972లో, రాబర్ట్ హిల్ అనే నల్లజాతి పరిశోధకుడు ప్రశ్నని తిరగేశాడు. ఇన్ని దెబ్బలు తిని కూడా ఈ కుటుంబాలు నిలబడ్డాయంటే దేనివల్ల నిలబడ్డాయో చూద్దాం అన్నాడు. బంధుబలం, పని మీద పట్టు, ఎవరు లేకపోతే వాళ్ళ పని ఇంకొకరు అందుకోవడం, పిల్లలు పైకి రావాలనే పట్టుదల, దైవభక్తి అని ఐదు చెప్పాడు.

ఆ ఐదింట్లో నాకు అన్నిటికంటే గట్టిదిగా కనిపించేది మూడోది. తల్లి నైట్ డ్యూటీకి వెళ్తే అమ్మమ్మ తల్లవుతుంది. మేనమామ శనివారం తండ్రవుతాడు. పదహారేళ్ళ అక్క తమ్ముడి లెక్కలు చూస్తుంది. మొయినిహన్ నివేదిక చదివినవాళ్ళు దాన్ని లోటుగా చూశారు. మనవాళ్ళు కూతురి కాన్పుకి ఆరునెలలు అమెరికా వెళ్ళి, పిల్లాణ్ణి ఎత్తుకుని, పప్పు వండి, తిరిగొచ్చేటప్పుడు అత్తగారికి అప్పజెప్పి వస్తే దాన్ని ఎవరైనా చెడిపోయిన కుటుంబం అంటారా? 2009లో బరాక్ ఒబామా అధ్యక్షుడైనప్పుడు ఆయన భార్య మిషెల్ తల్లి మేరియన్ రాబిన్సన్ షికాగోలో తన ఇల్లు వదిలి వైట్‌హౌస్‌కి మారింది. మనవరాళ్ళని చూసుకోవడానికి. మీ వీధి చివర అమ్మమ్మది కూడా అదే ఉద్యోగం.

తండ్రుల లెక్క కూడా చెప్తాను, మీవారికి అంకెలు ఇష్టం కదా, ఐటీ మనిషి. ఆ దేశపు ఆరోగ్య గణాంకాల కేంద్రం 2013 చివర్లో తండ్రుల మీద ఒక సర్వే ఫలితాలు వేసింది. ఐదేళ్ళలోపు పిల్లలతో ఒకే ఇంట్లో ఉండే తండ్రుల్లో, రోజూ పిల్లలకి స్నానం చేయించడం, బట్టలు మార్చడం, డైపర్ మార్చడం చేసేవాళ్ళు నల్లజాతివాళ్ళలో 70 శాతం, తెల్లజాతివాళ్ళలో 60 శాతం. వేరే ఇంట్లో ఉండే నల్లజాతి తండ్రులు ఎక్కువమందే ఉన్నారు, నిజమే. కానీ ఇల్లు వేరైనంత మాత్రాన తండ్రి మాయమైపోయినట్టు కాదు. శనివారం శనివారం వచ్చి తీసుకెళ్తున్నాడని మీరే రాశారు. మనలో ఒకే ఇంట్లో ఉండి వారమంతా లాప్‌టాప్ ముందు కూచునే నాన్నలు ఎంతమంది లేరు? మీవారిని అనడం లేదు. నేను పెళ్ళాడిన మనిషినే అంటున్నాను.

డ్రగ్స్ అన్నారు. మిషిగన్ యూనివర్సిటీవాళ్ళు 1975 నుంచి ఏటేటా హైస్కూలు పిల్లల్ని సిగరెట్లు, మందు, మత్తు గురించి అడిగి లెక్కలు వేస్తున్నారు. పన్నెండో తరగతి పిల్లల్లో మందు, సిగరెట్ల వాడకం దశాబ్దాలుగా తెల్లజాతి పిల్లల్లో కంటే నల్లజాతి పిల్లల్లో తక్కువ. గంజాయి విషయంలో ఈమధ్య అంత తేడా లేదు. కానీ మందు గురించి భయపడేవాళ్ళు ముందు చూడాల్సింది ఈ అమ్మమ్మ ఇంటిని కాదు. అమ్మానాన్నా ఊరెళ్ళిపోయి బేస్‌మెంట్ తాళంచెవి పిల్లల చేతిలో పెట్టిన పెద్దింటిని. అలాంటి ఇంటికి మీవాణ్ణి బర్త్‌డే పార్టీకి పంపడానికి మీవారు రెండోసారి ఆలోచించి ఉండరు.

ఈ విషయం మీద గట్టి పని జరిగింది కూడా మీ జార్జియాలోనే. జార్జియా యూనివర్సిటీలో జీన్ బ్రోడీ, వెల్మా మెక్‌బ్రైడ్ మర్రీ అనే ఇద్దరు అక్కడి పల్లెల్లో నల్లజాతి కుటుంబాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. చేతిలో డబ్బు లేదు, ఊళ్ళో పనుల్లేవు, వివక్ష ఉంది. అయినా కొందరు పిల్లలు చక్కగా ఎదుగుతున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఏముంది? ఆ పరిశోధకులకి కనిపించింది ఒక రకం పెంపకం. ప్రేమ దండిగా ఉంటుంది, పట్టు కూడా అంతే గట్టిగా ఉంటుంది. నియమం ఎందుకో చెప్తారు, కానీ బేరం ఉండదు. పిల్లాడు ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, ఎన్నింటికొస్తాడు అన్నది పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. తిట్టడం, కొట్టడం గురించి కాదు నేను చెప్పేది. అరిచే ఇళ్ళలో ఈ ఫలితం రాదు. బుట్టలో ఫోన్ పెట్టమని చెప్పి, వెంటనే “తిన్నావా?” అని అడిగే గొంతు గురించి చెప్తున్నాను. మీవాణ్ణి అడగండి, ఆవిడ ఎప్పుడైనా అరిచిందా అని.

ఆ పరిశీలన ఆధారంగా వాళ్ళు పదకొండేళ్ళ పిల్లలున్న కుటుంబాలకి ఏడు వారాల కార్యక్రమం ఒకటి తయారుచేశారు. వారానికొకసారి ఊళ్ళోనే ఏదో ఒక హాల్లో కలుస్తారు. ఒక గంట పెద్దవాళ్ళు ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో. తర్వాతి గంట అందరూ కలిసి. బయటినుంచొచ్చి ఉపన్యాసాలిచ్చే పని కాదు. ఆ ఇళ్ళలో అప్పటికే ఉన్నదాన్ని గుర్తుచేసి గట్టిపరచడం. ఇంటి నియమాలు ఎలా చెప్పాలి, మందు గురించీ శరీరం గురించీ సిగ్గుపడకుండా ఎలా మాట్లాడాలి, ఎవరైనా రంగు చూసి అవమానిస్తే పిల్లాడికి ఏం చెప్పాలి, ఇవీ పాఠాలు. ఈ కుటుంబాల పిల్లలు మందు జోలికి పోవడం తగ్గింది, పోయినా ఆలస్యంగా పోయారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 19 ఏళ్ళ వయసులో వాళ్ళ రక్తం పరీక్షిస్తే, ఎడతెగని టెన్షన్ వల్ల ఒంట్లో పెరిగే వాపు లక్షణాలు కార్యక్రమంలో లేని పిల్లల కంటే తక్కువగా కనిపించాయి. 2014లో ఇది అచ్చయింది. పదకొండేళ్ళప్పుడు అమ్మ దగ్గర కూచుని మాట్లాడిన మాటలు పంతొమ్మిదేళ్ళ రక్తంలో కనిపించాయంటే, నేను ఆ వ్యాసం చదివి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

ఇంకోటి, అయోవా, జార్జియా రాష్ట్రాల్లో దాదాపు 900 నల్లజాతి కుటుంబాల్ని, పిల్లలకి పదీ పదకొండేళ్ళున్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి వెంటాడిన అధ్యయనం ఉంది. రంగు వల్ల అవమానం ఎంత ఎక్కువ ఎదురైతే ఆ పిల్లల్లో దిగులు, కోపం, గొడవలు అంత పెరుగుతాయని తేలింది. మనం ‘వాళ్ళ పిల్లలు అంతే’ అనుకునేదానికి ఒక మూలం మనలాంటి వాళ్ళ చూపులేనన్నమాట. దగ్గరగా ఉండి, మాట వినే తల్లో అమ్మమ్మో ఉన్న ఇంట్లో ఆ దెబ్బ అంత లోతుగా దిగలేదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది.

అది ఎలా పనిచేస్తుందో నేను చూశాను. పదేళ్ళ పిల్లని దుకాణంలో సెక్యూరిటీవాడు వెంటాడాడు. ముందే ఎవరూ చెప్పి ఉండకపోతే, ఆ పిల్ల తనలోనే ఏదో తప్పుందనుకుంటుంది. మా స్కూలు పిల్ల అలా అనుకోలేదు. “మా గ్రానీ చెప్పింది, ఇలా అవుతుందని. బిల్లు చేతిలో పట్టుకుని నడవమంది. తప్పు వాళ్ళది, తల దించకు అంది” అని నాతో చెప్పింది. రాత్రి అన్నం బల్ల దగ్గర చెప్పిన మాట పగలు దుకాణంలో పిల్ల పక్కన నిలబడింది.

ఇక్కడ మీకొక కఠినమైన మాట చెప్పాలి. ఆ అబ్బాయితో తిరగడం వల్ల మీవాడికి రిస్క్ అసలేమీ లేదా అంటే, ఉంది. ఆ ఇంట్లో మాత్రం కాదు, రోడ్డు మీద. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో 17 ఏళ్ళ ట్రేవాన్ మార్టిన్ దుకాణానికి వెళ్ళి తిరిగొస్తుంటే, అనుమానంగా ఉన్నాడని వెంటబడిన ఒక పౌరుడి చేతిలో చనిపోయాడు. చేతిలో మిఠాయి ప్యాకెట్, కూల్‌డ్రింక్ ఉన్నాయి. ఆ పిల్లాడికి ప్రేమించే తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. కుటుంబం ఎంత గట్టిదైనా తూటాని ఆపలేదు. అందుకే ఆ ఇళ్ళలో మగపిల్లలకి పది పన్నెండేళ్ళు రాగానే కూచోబెట్టి చెప్తారు. పోలీసు ఆపితే చేతులు కనిపించేలా పెట్టు, జేబులో చెయ్యి పెట్టకు, సర్ అను, ఇంటికొచ్చాక ఏడవొచ్చు అని. మీవాడి ‘యెస్ మ్యామ్’ ఉట్టి మర్యాద కాదమ్మా. ఆ అలవాటు వెనక చాలా ఉంది.

ఆ పాఠం మీ పిల్లాడికి అక్కర్లేదని మీవారు అనొచ్చు. 2015లో అలబామాలోని మాడిసన్ అనే ఊళ్ళో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ పెద్దాయన పొద్దున్నే వీధిలో నడుస్తుంటే, ‘సన్నగా ఉన్న నల్లమనిషి తిరుగుతున్నాడు’ అని ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఇంగ్లిష్ రాని ఆయన్ని పోలీసు నేలకేసి కొట్టాడు. చేతులూ కాళ్ళూ సరిగా పనిచేయకుండా పోయాయి. ఆ ఫోన్ చేసినవాళ్ళకి మనకీ నల్లజాతివాళ్ళకీ తేడా తెలియలేదు. కాబట్టి ఆవిడ తన మనవడికి ఆ పాఠం చెప్పే రోజున మీవాణ్ణి కూడా కూచోబెట్టుకోమనండి. మీకూ మీవారికీ ఆ పాఠం రాదు, నాకూ రాదు.

ఇంకో సంగతి మన తెలుగువాళ్ళు తరచూ మరిచిపోతారు. మొయినిహన్ నివేదిక వచ్చిన ఆ 1965లోనే అమెరికా వలస చట్టం మారింది. అంతకుముందు భారతదేశం నుంచి ఏడాదికి వందమందికి మాత్రమే కోటా. నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకి పోయి నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే ఆ తలుపు తెరుచుకుంది. ఆ తలుపులోంచే డాక్టర్లు, ఇంజనీర్లు, ఆఖరికి మీరూ నేనూ వెళ్ళాం. వెళ్ళి, పార్టీల్లో వాళ్ళకి ఒక పేరు పెట్టుకున్నాం. ఆ మాట ఇక్కడ రాయను, మీ ఫ్రెండ్స్ నోట మీరు వినే ఉంటారు. మీవాడు కూడా వింటున్నాడు.

ఆవిణ్ణి దేవతని చేయకండి. బలం బలం అని పొగిడి అన్నీ వాళ్ళ నెత్తినే వేయడం ఇంకో రకం అన్యాయం. బ్రోడీ బృందమే 2015లో ఇంకో సంగతి చూపించింది. జార్జియా పల్లెల్లో చేతిలో ఏమీ లేకుండా, నిగ్రహంతో పళ్ళబిగువున చదువుకుని పైకొచ్చిన నల్లజాతి యువకులు మనసులో బాగానే ఉన్నారు, చెడు అలవాట్లు లేవు, కానీ ఒంట్లో కణాలు మాత్రం వయసుకు మించి ముసలివవుతున్నాయి. అంటే ఆ నిలబడటానికి ఒళ్ళు ధర చెల్లిస్తోంది. మనవణ్ణి పెంచే అమ్మమ్మల్లో బీపీ, షుగర్ లేనివాళ్ళని నేను పెద్దగా చూడలేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకుని బ్యాండ్ కచేరీకి వచ్చేవాళ్ళు. ఆవిడకి ఎన్నేళ్ళో మీరు రాయలేదు. రోజూ మూడు నుంచి ఆరు దాకా మీవాణ్ణి కూడా చూస్తోంది. మీరు ఆఫ్టర్‌స్కూల్ ఫీజు ఎంత కట్టేవారో ఒకసారి గుర్తుచేసుకోండి.

డబ్బు ఇవ్వబోకండి, నొచ్చుకుంటుంది. ఆ బంధువలయం నడిచేది ఇచ్చిపుచ్చుకోవడం మీద. ఇవాళ నా కారు నువ్వు వాడుకో, రేపు నా పిల్లని నువ్వు చూడు. లెక్క రాసుకోరు కానీ అందరికీ గుర్తుంటుంది. వారానికి రెండు రోజులు బ్యాండ్ ప్రాక్టీసుకి ఇద్దరినీ మీరు తీసుకెళ్ళి దింపండి. ఒకటి రెండు శుక్రవారాలు ఆ అబ్బాయి మీ ఇంట్లో ఉండనివ్వండి. అప్పుడు మీ ఇంట్లోనూ ఒక బుట్ట కావాలి. మీ ఫోన్లు కూడా అందులో పడాలి, మీవారిది ముందు. ఆ అబ్బాయికి మీరు చెప్పిన నియమం నచ్చకపోతే అమ్మమ్మకి చెప్తానని బెదిరించకండి, నిజంగానే చెప్పండి. ఆవిడ మీ నుంచి ఆశించేది అదే. “మీరు ఇంట్లో ఉంటారా?” అని అడిగిందంటే మీరూ ఒక కాపలాదారేనా కాదా అని చూసుకుంది.

ముందు ఆ గిన్నె సంగతి చూడండి. నెలరోజులుగా మీ కిచెన్‌లో ఉందని రాశారు, నాకు ఉత్తరమంతటిలోకీ అదే గుచ్చుకుంది. మన ఇళ్ళలో పొరుగింటి గిన్నె ఖాళీగా వెనక్కి పంపుతామా? మీరు గుడ్డు తినరన్న సంగతి దాచక్కర్లేదు, నేరుగా చెప్పండి. ఉపవాసాలూ ఇంట్లో వద్దన్న వంటలూ వాళ్ళకేం కొత్త కాదు, చర్చి మనుషులు. పులిహోర చేయండి. వేరుశనగ గుళ్ళు వేసేముందు ఎవరికైనా పల్లీ అలర్జీ ఉందేమో మెసేజ్ పెట్టి కనుక్కోండి. పచ్చిమిరపకాయలు ముక్కలు చేయకుండా నిలువుగా చీల్చి వేయండి, ఏరేసుకుంటారు. ఆదివారం పొద్దున వెళ్ళకండి, చర్చి నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది, పైగా వాళ్ళ పెద్ద భోజనం అప్పుడే. శనివారం వెళ్ళండి. తండ్రి కొడుకుని తీసుకెళ్ళడానికి వచ్చే వేళ కనుక్కుని వెళ్తే ఆయన్ని కూడా కలిసినట్టుంటుంది. ఆవిణ్ణి పేరు పెట్టి పిలవకండి, పేరుకి ముందు ‘మిస్’ చేర్చండి.

మీవారిని వెంటబెట్టుకు వెళ్ళండి. ఆవిడ గుమ్మంలోనే మిమ్మల్నీ అడుగుతుంది, మీ వాళ్ళెవరని. భీమవరం మీరు చెప్పండి. ఖమ్మం ఆయన్ని చెప్పనివ్వండి.